నడుము ఇంజెక్షన్‌కి వెళ్లేముందు మాత్రల డబ్బా తెరవండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. మీ అమ్మగారికి అరవై మూడేళ్లు, ఉండేది ఖమ్మం. నడుము కింది భాగంలో ఎల్4-ఎల్5 ఎముకల మధ్య డిస్క్ జారి నరాన్ని నొక్కుతోంది, ఎడమ కాలు బొటనవేలి దాకా లాగుతోంది. హైదరాబాద్‌లో చూపిస్తే వచ్చే గురువారం ఎపిడ్యూరల్ స్టెరాయిడ్ ఇంజెక్షన్ చేస్తామన్నారు, పొద్దున వచ్చి సాయంత్రానికి వెళ్లిపోవచ్చన్నారు. షుగరూ బీపీ ఉన్నాయి, రెండున్నరేళ్ల కిందట గుండెకి స్టెంట్ వేశారు. ఆవిడ వేసుకునే మాత్రల జాబితా కూడా రాశారు. రక్తం పల్చబడే మాత్రలు వారం ముందే ఆపేయమని అమెరికాలో ఉన్న మీ అక్క వాట్సాప్‌లో పంపింది. ఆపాలా వద్దా, పరగడుపున తీసుకెళ్లాలా, అమ్మ భయపడుతోంది ఏం చెప్పాలి అని మీ ప్రశ్నలు.

ముందు నా సంగతి. నేను డాక్టర్ని కాను, నర్సుని. ఇరవై ఏళ్ల సర్వీసులో చివరి పదకొండేళ్లు పెయిన్ క్లినిక్ డే కేర్ వార్డులోనే గడిచాయి. ఇలాంటి ఇంజెక్షన్లకి వచ్చేవాళ్లని పొద్దున ఆరున్నరకి లోపలికి తీసుకునేది, సాయంత్రం బయటికి పంపేది మేమే. కాబట్టి ఏ మాత్ర ఎంత వేసుకోవాలో నేను చెప్పను. ఎవర్ని ఏం అడగాలో, ఎక్కడ తేడా వస్తుందో చెప్తాను.

గురువారం జరిగే పని ఇరవై నిమిషాలు, మహా అయితే అరగంట. అది సరిగ్గా చేయడం డాక్టరు పని. మీరు చేయాల్సిందంతా ఇప్పుడు మీ ఇంట్లో, మాత్రల డబ్బాలో ఉంది. మా వార్డులో చివరి నిమిషంలో కేసు వాయిదా పడిందంటే పదింట ఎనిమిదిసార్లు కారణం ఆ డబ్బానే.

మీ అక్కయ్య చెప్పింది సగం నిజం. ఈ ఇంజెక్షన్ మందు వెళ్లేది వెన్నెముక లోపల నరాల పక్కన ఉండే సన్నని ఖాళీలోకి. చుట్టూ ఎముక ఉంటుంది. అక్కడ రక్తం కారి గడ్డ కడితే పక్కకి పోవడానికి దారి ఉండదు, నరాల మీదే ఒత్తిడి పడుతుంది. చాలా అరుదు, కానీ జరిగితే కాళ్లు పడిపోవచ్చు. అందుకే రక్తం పల్చబడే మందుల గురించి అంత పట్టు. రెండో సగం ఆవిడ రాయలేదు. స్టెంట్ ఉన్నవాళ్లు ఆ మందులు తమంతట తాము ఆపేస్తే స్టెంట్‌లో గడ్డ కట్టి గుండెపోటు రావచ్చు. నడుము నొప్పి తగ్గించుకోవడానికి వెళ్తూ గుండె మీదికి తెచ్చుకున్నట్టు అవుతుంది.

ఇంజెక్షన్ చేసే డాక్టరూ, స్టెంట్ వేసిన గుండె డాక్టరూ ఇద్దరూ కలిసి తేల్చాల్సిన విషయం ఇది. ఏ మందు ఎన్ని రోజుల ముందు ఆపాలన్నదానికి మామూలుగా అనుసరించే లెక్కలు, అంటే 2018లో సవరించిన అమెరికా రీజనల్ అనస్థీషియా సొసైటీ మార్గదర్శకాల్లోవి, మీకు అవగాహన కోసం చెప్తున్నాను: క్లోపిడోగ్రెల్ అయితే 7 రోజులు, టికాగ్రెలార్ 5 రోజులు, వార్ఫరిన్ 5 రోజులు ఆపి ఐఎన్ఆర్ (రక్తం ఎంతసేపటికి గడ్డకడుతుందో చూపే పరీక్ష) చూస్తారు, మన దగ్గర ఎక్కువగా రాసే అసినోకౌమరాల్ అయితే 3 రోజులు, రివరాక్సబాన్, అపిక్సబాన్‌లకి కూడా 3 రోజులు. ఆస్పిరిన్ 75 సంగతి మనిషిని బట్టి ఉంటుంది, స్టెంట్ ఉన్నవాళ్లకి చాలాసార్లు కొనసాగిస్తారు. నడుము భాగంలో చేసే కొన్ని ఇంజెక్షన్లకి ఏదీ ఆపకుండానే చేసే డాక్టర్లూ ఉన్నారు. స్టెంట్ వేసి ఏడాది కూడా కాకపోతే అసలు ఇప్పుడు ఈ ఇంజెక్షన్ అవసరమా, కొన్నాళ్లు ఆగలేమా అనే దగ్గర మాట మొదలవుతుంది. మీ అమ్మగారికి రెండున్నరేళ్లు దాటాయి కాబట్టి గుండె డాక్టరు ఒప్పుకునే అవకాశం ఎక్కువ, కానీ ఆ మాట ఆయన నోటి నుంచే రావాలి.

ఇవాళ మంగళవారం. వచ్చే గురువారానికి తొమ్మిది రోజులు. ఏడు రోజుల ముందు ఆపాల్సిన మందైతే రేపటికల్లా గుండె డాక్టరు మాట మీ చేతిలో ఉండాలి. ఫోన్లో "సరే కానివ్వండి" అంటే చాలదు, ఒక చిన్న కాగితం మీద రాయించుకోండి: ఏది ఆపాలి, ఏ తేదీ నుంచి ఆపాలి, ఏది ఆపకూడదు, మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలి. ఈ చివరిదే అందరూ మర్చిపోతారు. ఇంజెక్షన్ అయిపోయింది, నొప్పి తగ్గింది, ఆపిన మాత్ర ఆపినట్టే నెలరోజులు డబ్బాలో పడి ఉన్న ఇళ్లు నేను చూశాను. రేపటికల్లా డాక్టరు దొరక్కపోతే ఇంజెక్షన్ వారం వెనక్కి జరపండి. దానివల్ల ఏమీ మునిగిపోదు.

పేర్ల దగ్గర ఇంకో తిరకాసు ఉంది. నేను పనిచేసిన ఒక చోట ఒక పెద్దాయనకి ఇంటికి పంపిన కాగితంలో "క్లోపిటాబ్ ఆపండి" అని రాశాం. అది క్లోపిడోగ్రెల్‌కి ఒక కంపెనీ పెట్టిన పేరు. వాళ్ల ఇంట్లో ఆ పేరుతో మాత్ర లేదు. మనకి సంబంధం లేదులే అనుకున్నారు. ఆయన రోజూ రాత్రి వేసుకుంటున్నది వేరే కంపెనీ "గోల్డ్" క్యాప్సూల్. కొలెస్ట్రాల్ మందు అని వాళ్ల నమ్మకం. అందులో కొలెస్ట్రాల్ మందుతోపాటు ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ కూడా ఉన్నాయి. ఆ సంగతి తెలిసింది ఆయన్ని టేబుల్ మీద బోర్లా పడుకోబెట్టాక, కోడలు సంచిలోంచి స్ట్రిప్ తీసి "ఇది ఇప్పుడు వెయ్యొచ్చా సిస్టర్" అని అడిగినప్పుడు. తప్పు వాళ్లది కాదు, బ్రాండ్ పేరు రాసిన మాదే. ఆ రోజు నుంచి నేను పేర్లు అడగడం మానేశాను, డబ్బా తెమ్మంటాను. స్ట్రిప్ వెనక సన్న అక్షరాల్లో ఉన్న మందు పేరే అసలు పేరు. ఎకోస్ప్రిన్ ఒకటి, ఎకోస్ప్రిన్ ఏవీ ఒకటి, ఎకోస్ప్రిన్ గోల్డ్ ఒకటి. మూడింటిలో ఉన్నవి వేరు వేరు. మీరు రాసిన జాబితాలో "గుండె మాత్ర రాత్రికి ఒకటి" అని మాత్రమే ఉంది. అదేంటో ఇవాళే చూడండి.

చీటీ లేని మందులు కూడా లెక్కలోకి వస్తాయి. నొప్పి భరించలేక మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న వోవెరాన్, జెరోడాల్, కాంబిఫ్లామ్ లాంటివి రక్తం గడ్డకట్టే గుణం మీద కొంత ప్రభావం చూపుతాయి, కిడ్నీకి, బీపీకి కూడా మంచివి కావు. ఏది ఎన్నాళ్లు ఆపాలో డాక్టరు చెప్తారు, ఆలోపు నొప్పికి సాధారణంగా పారాసిటమాల్ వాడుకోమంటారు. చేప నూనె క్యాప్సూళ్లు, వెల్లుల్లి క్యాప్సూళ్లు, పసుపు సారం మాత్రలు వేసుకుంటుంటే అవీ చెప్పండి. కూరలో వేసే పసుపు గురించి కాదు, దానికి భయపడక్కర్లేదు.

మీకు నచ్చకపోవచ్చు గానీ అడగాలి: ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర ఈ మధ్య నడుముకో, తుంటికో సూదులు వేయించారా? "వేసిన గంటకి లేచి తిరిగింది" అనే ఆ సూదిలో చాలాసార్లు నొప్పి మందుతోపాటు డెక్సామెథాసోన్, అంటే స్టెరాయిడే ఉంటుంది. పేరు లేని పొట్లాల్లో వచ్చే కీళ్ల నొప్పుల పొడుల్లో కూడా స్టెరాయిడ్ కలిసి ఉండడం కొత్తేం కాదు. ఆ విషయం దాచిపెట్టి, దాని మీద మళ్లీ మేం స్టెరాయిడ్ ఎక్కిస్తే షుగర్ ఎక్కడికి పోతుందో ఊహించుకోండి. ఒకావిడకి పొద్దున మా దగ్గర చూస్తే 380 ఉంది. ఇంట్లో అందరూ ఆశ్చర్యపోయారు. ఆవిడ మాత్రం నా చెయ్యి పట్టుకుని, "మూడు వారాలుగా సూదులు వేయించుకుంటున్నానమ్మా, మా వాడికి చెప్పకు" అంది. మేం ఎవర్నీ తిట్టం. చెప్తే చాలు.

ఇక షుగర్. ఇంజెక్షన్‌లో ఉండే స్టెరాయిడ్ వెన్నులోనే ఉండిపోదు, రక్తంలోకి కొంత వస్తుంది. షుగర్ ఉన్నవాళ్లకి ఆ రాత్రి నుంచో మర్నాడు నుంచో పెరుగుతుంది, రెండు మూడు రోజులు బాగా ఎక్కువగా ఉండి తగ్గుతుంది, కొందరికి వారం పడుతుంది. అందుకని మూడు పనులు. ఈ వారంలోనే పరగడుపు షుగర్, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చూపే పరీక్ష) చేయించి పెయిన్ డాక్టరుకి పంపండి. బాగా ఎక్కువుంటే ఆయనే వాయిదా వేస్తారు, ఎందుకంటే ఎక్కువ షుగర్‌లో ఇన్‌ఫెక్షన్ భయం కూడా పెరుగుతుంది. ఇంట్లో గ్లూకోమీటర్ లేకపోతే కొనండి, ఉంటే స్ట్రిప్పుల గడువు తేదీ చూడండి. ఇంజెక్షన్ తర్వాత వారం రోజులు ఎంత దాటితే ఎవరికి ఫోన్ చేయాలో షుగర్ డాక్టరుని ముందే అడిగి పెట్టుకోండి. స్వీట్లు మానేస్తే సరిపోతుందని అనుకోకండి, ఈ పెరుగుదల తిండి వల్ల వచ్చేది కాదు.

మీ జాబితాలో గ్లైకోమెట్ జీపీ ఉంది, డాపాగ్లిఫ్లోజిన్ ఉంది. రెండూ షుగర్ మందులే. జీపీలో ఉండే గ్లిమిపిరైడ్ ఖాళీ కడుపుతో వేసుకుంటే షుగర్ పడిపోతుంది. డాపాగ్లిఫ్లోజిన్ కుటుంబం మందులని మత్తు ఇచ్చి చేసే పనులకి సాధారణంగా మూడు రోజుల ముందు ఆపిస్తారు, ఉపవాసంలో షుగర్ మామూలుగానే కనిపిస్తూ రక్తంలో ఆమ్లాలు పేరుకునే ప్రమాదం ఉంటుంది కాబట్టి. ఈ రెంటి గురించీ విడివిడిగా అడగండి. బీపీ మాత్ర సంగతీ అడగండి. ఎక్కువ మందికి ఆ పొద్దున ఒక గుక్క నీళ్లతో వేసుకోమంటాం, కొన్ని రకాలకి మాత్రం ఆ పూట వద్దంటారు. మానేసి వచ్చి, భయంతో బీపీ 200 అయి వెనక్కి వెళ్లినవాళ్లు బోలెడుమంది.

పరగడుపు అంశం మత్తు ఇస్తారా లేదా అన్నదాన్ని బట్టి ఉంటుంది. చాలాచోట్ల ఈ ఇంజెక్షన్ చర్మం దగ్గర తిమ్మిరెక్కించే మందుతోనే చేస్తారు, మనిషి మెలకువగా ఉంటుంది. అలాగైతే తేలికగా తిని రమ్మనేవాళ్లూ ఉన్నారు. కొద్దిగా మత్తు ఇస్తామంటే లెక్క ఇది: ఇడ్లీ లాంటి తేలికపాటి తిండి తిన్నాక 6 గంటలు, నూనె, నెయ్యి, మాంసం ఉన్న భోజనం తర్వాత 8 గంటలు, నీళ్లు 2 గంటల ముందు దాకా. పాలు కలిపిన టీ నీళ్ల లెక్కలోకి రాదు, తిండి లెక్కలోకి వస్తుంది. మజ్జిగ కూడా అంతే. "ఏమీ తినలేదు సిస్టర్, కాఫీ ఒక్కటే" అన్న మాట నేను వారానికి ఒక్కసారైనా వింటాను. మత్తులో ఆ కాఫీ పైకి తన్నుకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోవడమే మా భయం. అలాగని రాత్రి ఎనిమిదికి తిని మధ్యాహ్నం పన్నెండు దాకా చుక్క నీళ్లు లేకుండా ఉంచకండి. షుగర్ ఉన్నవాళ్లని పొద్దున మొదటి కేసుగా పెట్టమని అడగండి, చాలామంది ఒప్పుకుంటారు. గురువారమో ఏకాదశో ఉపవాసం ఉండే అలవాటు ఆవిడకి ఉంటే ఆ విషయం కూడా చెప్పండి. ఉపవాసం చేస్తూ షుగర్ మాత్ర మాత్రం మర్చిపోకుండా వేసుకుని, లిఫ్ట్ దగ్గర చెమటలు పట్టి కూలబడిన అమ్మలు మాకు కొత్త కాదు.

జ్వరం, మూత్రంలో మంట, పంటి చీము, నడుము మీద సెగ్గడ్డ లాంటివి ఏవున్నా, ఏ కారణానికైనా యాంటీబయాటిక్ వాడుతున్నా, ముందు రోజే ఫోన్ చేయండి. ఒంట్లో ఎక్కడో ఉన్న ఇన్‌ఫెక్షన్‌ని వెన్ను దాకా తీసుకెళ్లడం ఎవరికీ ఇష్టం ఉండదు. శుభ్రత విషయంలో ఆసుపత్రిని అడిగే హక్కు కూడా మీకుంది. 2012లో అమెరికాలో మసాచుసెట్స్‌లోని ఒక కాంపౌండింగ్ ఫార్మసీ (మందులు తనే కలిపి తయారుచేసే షాపు) తయారుచేసిన స్టెరాయిడ్ సీసాల్లో ఫంగస్ చేరి, అవి ఎక్కించుకున్నవాళ్లలో 750 మందికి పైగా జబ్బు పడ్డారు, 60 మందికి పైగా చనిపోయారు. ఎక్కువగా వెన్ను ఇంజెక్షన్లే. అది మందు తయారీలో జరిగిన ఘోరం, రోజూ జరిగేది కాదు. కానీ "మా అమ్మకి కొత్త సీసా తెరుస్తారా?" అని అడిగితే మంచి డాక్టరెవరూ ముఖం మాడ్చుకోరు. దాంతోపాటు ఇంకో రెండు అడగండి. సి-ఆర్మ్ ఎక్స్‌రేలో (అప్పటికప్పుడు తెర మీద చూపించే యంత్రం) చూస్తూ, డై (ఎక్స్‌రేలో కనిపించే మందు) వేసి సూది ఎక్కడుందో నిర్ధారించుకునే చేస్తారా? ఏ స్టెరాయిడ్ వాడతారు? 2014లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఈ ఇంజెక్షన్ల వల్ల చాలా అరుదుగా పక్షవాతం, చూపు పోవడం లాంటివి జరగొచ్చని హెచ్చరించింది. నరం బయటికొచ్చే రంధ్రం దగ్గర చేసే ఇంజెక్షన్‌కి రక్తనాళానికి అడ్డుపడే రేణువులు లేని డెక్సామెథాసోన్‌ని చాలామంది ముందు ఎంచుకునేది అందుకే. అంతకుముందు ఎప్పుడైనా స్కాన్ డైకి ఒళ్లంతా దద్దుర్లు వచ్చి ఉంటే చెప్పండి. రొయ్యలు పడకపోతే డై పడదనేది మాత్రం వట్టి అపోహ.

తీసుకెళ్లాల్సినవాటిలో ముఖ్యమైంది ఎమ్మారై ఫిల్ములు. రిపోర్టు కాగితం ఒక్కటే తెచ్చి ఫిల్ములు ఖమ్మంలో బీరువా మీద వదిలేసేవాళ్లు చాలామంది. స్టెంట్ కార్డు, మాత్రల డబ్బా, చెప్పాపెట్టకుండా చలేస్తే కప్పుకోవడానికి ఒక శాలువా. పేస్‌మేకర్ ఉంటే చెప్పాలి, మీరు రాయలేదు కాబట్టి లేదనుకుంటున్నాను. ఇన్సూరెన్స్ ఉంటే డే కేర్ కింద క్యాష్‌లెస్ వస్తుందో లేదో రెండు మూడు రోజుల ముందే కనుక్కోండి, ఆ పొద్దున కౌంటర్ దగ్గర నిలబడితే అయ్యేది కాదు.

ముందు రోజు రాత్రి, ఆ పొద్దున సబ్బుతో స్నానం. నడుముకి నూనె, బామ్, నొప్పి ప్యాచ్ ఏదీ ఉండకూడదు. గోళ్ల రంగు తీసేయండి, వేలికి పెట్టే ఆక్సిజన్ క్లిప్ సరిగా చదవకపోవచ్చు. నడుముకి తాయెత్తు గానీ, వెండి గొలుసు గానీ ఉంటే ఇంటి దగ్గరే తీసి పెట్టండి, సరిగ్గా మేం చూడాల్సిన చోటే ఎక్స్‌రేలో అడ్డం వస్తుంది. మంగళసూత్రం తీయమంటారేమోనని చాలామంది అమ్మలు బెంగపెట్టుకుంటారు. నడుము ఇంజెక్షన్‌కి మేమైతే తీయించం, బోర్లా పడుకున్నప్పుడు గుచ్చుకోకుండా వెనక్కి వేసి టేపు అంటిస్తాం.

ఖమ్మం నుంచి హైదరాబాద్ దగ్గర దగ్గర నాలుగు గంటలు. పొద్దున్నే మూడింటికి లేపి తీసుకెళ్లకండి. ముందు రాత్రి అక్కడే ఉండండి, వీలైతే ఇంజెక్షన్ అయిన రాత్రి కూడా. ఎవరూ లేకుండా వచ్చినవాళ్లకి మేం ఇంజెక్షన్ చేయం, సంతకం పెట్టించుకుని సరిపెట్టం. కాలు కొన్ని గంటలు మొద్దుబారి బరువుగా ఉండొచ్చు, అడుగు వేస్తే మడత పడుతుంది. మెట్లు, బాత్‌రూమ్ దగ్గర మీరో, మరొకరో చెయ్యి పట్టుకోవాలి. బైక్ వెనక కూర్చోబెట్టే ఆలోచన వద్దు.

సాయంత్రం ఆవిడ "నొప్పి మాయమైంది" అంటారు. సంతోషించండి గానీ చుట్టాలందరికీ ఫోన్లు చేయకండి. అది తిమ్మిరి మందు ప్రభావం, రాత్రికి దిగిపోతుంది. మర్నాడు నొప్పి మళ్లీ వస్తుంది, కొందరికి ముందుకంటే కొంచెం ఎక్కువగా కూడా. స్టెరాయిడ్ పని మొదలుపెట్టడానికి రెండు రోజుల నుంచి వారం పడుతుంది, రెండు వారాలు చూడకుండా ఫలితం తేల్చకూడదు. ముఖం ఎర్రబడి వేడిగా ఉండడం, ఒకటి రెండు రాత్రులు నిద్ర పట్టకపోవడం మామూలే.

మామూలు కానివి ఇవి: కాలు బలహీనత తగ్గకుండా పెరగడం, మూత్రం రాకపోవడం లేదా తెలియకుండా పోవడం, కూర్చునే చోట స్పర్శ తెలియకపోవడం, నడుములో భరించలేని కొత్త నొప్పి, జ్వరం, మెడ బిగుసుకుపోయి తలనొప్పి. వీటిలో ఏది కనిపించినా పొద్దున చూద్దాంలే అనుకోకండి. రక్తం గడ్డ కట్టి ఉంటే గంటల్లో ఆపరేషన్ చేయాల్సి రావచ్చు, అర్ధరాత్రి అయినా ఎమ్మారై ఉన్న ఎమర్జెన్సీకి వెళ్లాలి. కూర్చుంటే తలనొప్పి, పడుకుంటే పోవడం వేరే సంగతి. అది సూది నరాల చుట్టూ ఉండే పొరని దాటడం వల్ల వచ్చేది, అంత భయం లేదు, అయినా డాక్టరుకి చెప్పాలి. డిశ్చార్జి కాగితం మీద ఉన్న నంబరుకి అక్కడే ఉండగా ఒకసారి కాల్ చేసి చూడండి. రాత్రి ఎత్తే నంబరేనా అని అడగండి.

మీరు అడగలేదు గానీ ఒక మాట. "మూడు ఇంజెక్షన్ల ప్యాకేజీ, ముందే కట్టేస్తే తక్కువ" అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. మొదటిది ఎంత పనిచేసిందో చూశాకే రెండోది కావాలా అన్న మాట. ఒక్కదానికే బాగా తగ్గితే మిగతా రెండూ దేనికి?

ఇక అమ్మ భయం. "ఏమీ కాదు, చీమ కుట్టినట్టు ఉంటుంది" అని మాత్రం చెప్పకండి. అబద్ధం అని మొదటి సూదికే తెలిసిపోతుంది, తర్వాత మా మాట కూడా నమ్మరు. జరిగేది జరిగినట్టు చెప్పండి. పొట్ట కింద దిండు పెట్టి బోర్లా పడుకోబెడతారు. నడుము మీద చల్లటి మందు రెండు మూడుసార్లు తుడుస్తారు, ఆ చలే చాలామందిని ఉలిక్కిపడేలా చేస్తుంది. తర్వాత చర్మం దగ్గర ఒక సూది, పది సెకన్లు చురుక్కుమని మండుతుంది. ఆ తర్వాత నొప్పి కంటే ఒత్తిడి ఎక్కువ. మందు లోపలికి వెళ్లేటప్పుడు రోజూ బాధపెట్టే ఆ కాల్లోకే ఒకసారి లాగినట్టు అనిపించవచ్చు. అప్పుడు కదలకూడదు, కానీ నోరు మూసుకుని ఓర్చుకోనూ కూడదు. మన అమ్మలకి ఓర్చుకోవడమే అలవాటు కదా, అదొక్కటి ఆ ఇరవై నిమిషాలు పక్కన పెట్టమనండి. "కరెంటు షాక్ కొట్టినట్టుంది డాక్టరు గారూ" అని ఆవిడ అంటేనే సూది ఒక మిల్లీమీటరు వెనక్కి వస్తుంది.